నైట్ డ్యూటీ ఆపరేటర్ నిద్రను కొలవడం ఎలా: ట్రిపుల్ ఈ ఫైనలియర్ వాళ్లకు ఒక ప్రాజెక్టు

ఫైనలియర్‌కు వచ్చేసరికి ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్) క్లాసులో సగం మంది హై వోల్టేజ్ వైపు చూస్తారు, మిగతా సగం చేతికి కట్టుకునే సెన్సార్ల వైపు చూస్తారు. రెండింటినీ ఒకే ప్రాజెక్టులో చేయొచ్చు. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏ మండలానికి పోయినా ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్ ఉంటుంది. అందులో రాత్రంతా ఒక ఆపరేటర్ కూర్చుని ఉంటాడు. తెల్లవారుజామున ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు పోయే లైన్) ట్రిప్ అయితే మళ్లీ ఛార్జ్ చేసేది అతనే, లైన్‌మన్ ఫోన్ చేస్తే ఎల్‌సీ, అంటే లైన్ బంద్ చేశాం పని చేసుకోవచ్చు అన్న లైన్ క్లియర్ ఇచ్చేదీ అతనే. స్తంభం ఎక్కినవాడి ప్రాణం ఆ టైంలో అతని తెలివిడి మీద ఆధారపడి ఉంటుంది. అతనికి ఎంత నిద్ర దొరుకుతోంది, ఆ నిద్రతో అతని చేయి ఎంత వేగంగా కదులుతోంది అన్నది కొలవడమే ప్రాజెక్టు.

సర్క్యూట్ పని రెండు వారాల్లో అయిపోతుంది. కష్టమంతా మిగతా వాటిలో ఉంది కాబట్టి వాటి గురించే ఎక్కువ చెబుతాను.

ప్రశ్నను చిన్నది చేసుకోండి

"నిద్రలేమి వల్ల కరెంటు ప్రమాదాలు పెరుగుతున్నాయా" అని పెట్టుకుంటే అది మీతో అయ్యే పని కాదు. ప్రమాదానికి కారణాలు పది ఉంటాయి, రికార్డులు మీ చేతికి రావు. దాని బదులు ఇలా పెట్టుకోండి: "ఒకే ఆపరేటర్ నైట్ షిఫ్ట్ వారంలో రోజుకు ఎంతసేపు నిద్రపోతున్నాడు, డే షిఫ్ట్ వారంలో ఎంతసేపు? ఆ తేడా డ్యూటీ చివరి గంటలో అతని స్పందన వేగంలో కనిపిస్తోందా?" ఇది ఒక సెమిస్టర్‌లో తేలుతుంది. మనిషిని అతనితోనే పోలుస్తున్నారు కాబట్టి వయసు, అలవాట్లు, ఒంటి తీరు లాంటి తేడాలు చాలావరకు అడ్డురావు. పది పన్నెండు మంది ఒప్పుకున్నా చాలు, పని నడుస్తుంది.

ఎక్కడ ఏ షిఫ్ట్ పద్ధతి నడుస్తోందో ముందే కనుక్కోండి. కాగితం మీద ఎనిమిది గంటలున్నా, ఆపరేటర్లు తమలో తాము సర్దుకుని వరసగా రెండు షిఫ్టులు చేసి మరునాడు ఇంటిపట్టున ఉండడం మామూలే. మీరు రాసుకోవాల్సింది వాళ్లు నిజంగా చేసిన డ్యూటీ. రోస్టర్‌ను నమ్ముకోకండి.

రిపోర్టులో ఈ పని ఎందుకు అని రాయడానికి ఒక్క మంచి ఆధారం చాలు. 1997లో డాసన్, రీడ్ అనే ఇద్దరు నేచర్ పత్రికలో ఒక ఫలితం ప్రచురించారు. వరసగా 17 గంటలు మేలుకొని ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని వాళ్లు చూపించారు. మన దగ్గర బండి నడిపేవాడికి చట్టం పెట్టిన హద్దు 0.03 శాతమే. పొద్దున ఆరింటికి లేచి, పగలంతా ఇంటిపనో చేనుపనో చేసుకుని, రాత్రి డ్యూటీకి వచ్చినవాడు పదకొండు గంటలకే ఆ 17 గంటల గీత దాటేస్తాడు.

చాలామంది ఈ చోట శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో 2020 ఆగస్టు 20 రాత్రి జరిగిన అగ్నిప్రమాదాన్ని తెచ్చి పెడతారు. తొమ్మిది మంది చనిపోయిన ఘటన అది. రాత్రి డ్యూటీ ఎంత ప్రమాదకరమో చెప్పడానికి ప్రస్తావించండి, తప్పులేదు. నిద్రకు మాత్రం ముడిపెట్టకండి. మీ దగ్గర ఆధారం లేని కారణాన్ని చనిపోయినవాళ్ల మీద మోపడం రీసెర్చ్ కాదు.

రైతుల మీద ఎందుకు చేయకూడదని కొందరు అడుగుతారు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. అంతకుముందు రాత్రి వంతు కరెంటు వస్తే టార్చిలైటు పట్టుకుని బావి కాడికి పోయి, నిద్రమత్తులో తడి చేత్తోనే స్టార్టర్ నొక్కిన తరం ఇంకా మన ఇళ్లలోనే ఉంది. మంచి అంశమే, కానీ ఎవరు ఏ రాత్రి లేస్తారో ముందుగా తెలియదు కాబట్టి పోల్చడం కష్టం. ఆపరేటర్‌కు షిఫ్ట్ ఉంటుంది, మీ పని తేలికవుతుంది.

యార్డ్‌లోకి అడుగుపెట్టే ముందు

ఈ ప్రాజెక్టుకు మీరు యార్డ్‌లోకి పోవాల్సిన అవసరం దాదాపు లేదు, కంట్రోల్ రూమ్ చాలు. అయినా పోతారు. ఆపరేటర్ పని ఏమిటో చూడకుండా ప్రశ్నలు రాయలేరు కదా. కాబట్టి ఇది శ్రద్ధగా చదవండి.

లైవ్ భాగాన్ని ముట్టుకుంటేనే షాక్ అనుకునే అలవాటు 230 వోల్టుల ఇంటి వైరింగ్ దగ్గర నుంచి వస్తుంది. హై వోల్టేజ్‌లో దగ్గరికి పోయినా చాలు, గాలే దారి ఇస్తుంది. అందుకే సబ్‌స్టేషన్ డిజైన్‌లో మనిషి తిరిగే చోటికి, లైవ్ భాగానికి మధ్య ఖాళీ వదులుతారు: 11 కేవీకి 2.6 మీటర్లు, 33 కేవీకి 2.8 మీటర్లు. ఈ లెక్కలో మీ చేతిలో ఉన్నది కూడా మీ శరీరం కిందకే వస్తుంది. గొడుగు, సెల్ఫీ స్టిక్, నిచ్చెన, ఇనుప టేపు ఏవీ లోపలికి తీసుకుపోవద్దు. కొలత కావాలంటే ఫైబర్ టేపు వాడండి, అదీ నేల మీదే. ఫొటో కోసం చేయి పైకెత్తడం అసలే వద్దు.

హెల్మెట్, రబ్బరు సోల్ బూట్లు, కాటన్ ఫుల్ చేతుల చొక్కా ఉండాలి. ఉంగరం, కడియం, మెడలో గొలుసు, స్టీల్ పట్టీ వాచీ గేటు దగ్గరే తీసి జేబులో వేసుకోండి. కంకర పరిచిన చోటు దాటి పక్కకు పోకండి. ఆ కంకర అందం కోసం వేసింది కాదు. ఎర్త్ ఫాల్ట్ వచ్చినప్పుడు నేల మీద ఒక అడుగుకూ ఇంకో అడుగుకూ మధ్య వోల్టేజ్ పుడుతుంది. కంకర పొర మీ పాదానికి నేలకు మధ్య రెసిస్టెన్స్ పెంచి, ఒంట్లోకి వచ్చే కరెంటును తగ్గిస్తుంది. మన ఎర్ర చల్క నేలలు, కింద రాయి ఉన్న చోట్లు ఎండాకాలం ఎండిపోతే ఎర్త్ రెసిస్టెన్స్ పెరుగుతుంది. అందుకే ఆపరేటర్లు ఎర్త్ గుంతలో నీళ్లు పోస్తుంటారు. పోసేటప్పుడు కనిపిస్తే పక్కన నిలబడి అడగండి, టెక్స్ట్‌బుక్‌లో ఎర్తింగ్ చాప్టర్ మొత్తం ఆ ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది.

ఎల్‌సీ ఎలా నడుస్తుందో కూడా చూడండి, ఎందుకంటే మీ ప్రాజెక్టు గుండె అదే. లైన్‌మన్ ఫలానా ఫీడర్ బంద్ కావాలని అడుగుతాడు. ఆపరేటర్ బ్రేకర్ తీసి, ఐసోలేటర్ (లైన్‌ను కంటికి కనిపించేలా విడదీసే స్విచ్) తీసి, రిజిస్టర్‌లో టైం, పేరు, ఫీడర్ రాసుకుని ఎల్‌సీ నంబర్ ఇస్తాడు. లైన్‌మన్ పని చోట ఏబీ (ఎయిర్ బ్రేక్) స్విచ్ తీసి, లైన్ డెడ్ అయిందని పరీక్షించి, పని చేసే చోటికి రెండు వైపులా తీగను నేలకు కలిపే డిశ్చార్జ్ రాడ్లు తగిలిస్తాడు. రాడ్ తగిలించేటప్పుడు ముందు ఎర్త్ క్లాంపు, తర్వాత లైన్. తీసేటప్పుడు ముందు లైన్, చివరికి ఎర్త్. ఈ వరస తిరగబడితే తీగ మీద ఉన్న కరెంటుకు మనిషే ఎర్త్ అవుతాడు. బంద్ చేసిన లైన్ మీదకు కరెంటు ఎక్కడ నుంచి వస్తుందంటారా? ఒకే స్తంభాల మీద పోయే రెండో ఫీడర్ నుంచి, ఎవరింట్లోనో తప్పుగా కలిపిన జనరేటర్ నుంచి, ఇప్పుడైతే సరిగా ఐసోలేట్ కాని సోలార్ నుంచి కూడా. ఈ మొత్తంలో నిద్రమత్తు ఎక్కడ దెబ్బకొట్టగలదో గమనించండి: పక్క ఫీడర్ పేరు విని ఈ ఫీడర్ తీయడం, ఒకే ఫీడర్ మీద రెండు ఎల్‌సీలు ఉంటే ఒకటి తిరిగి రాగానే ఛార్జ్ చేయడం. మీ ఇంట్రడక్షన్‌లో రాయాల్సింది ఇది. "విద్యుత్తు మానవ జీవితంలో ముఖ్యమైనది" అని మొదలుపెట్టే పేజీ తీసేయండి.

మీ కాలేజీ హెచ్‌వీ (హై వోల్టేజ్) ల్యాబ్‌లో ఏదైనా చేస్తే ఒక్క లెక్క గుర్తుంచుకోండి. 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను 20 కేవీకి ఛార్జ్ చేస్తే అందులో 20 జౌళ్లు నిలిచి ఉంటాయి, స్విచ్ తీసినా పోవు. కాబట్టి డిశ్చార్జ్ రాడ్ తగిలించి, అలాగే వదిలేసి, అప్పుడు లోపలికి పోవాలి. ఎప్పుడూ ఇద్దరు ఉండాలి, ఒకరి చేయి ఎమర్జెన్సీ స్విచ్ దగ్గర ఉండాలి. ఇక పాత మైక్రోవేవ్ ఓవెన్ విప్పి అందులోని ట్రాన్స్‌ఫార్మర్‌తో హాస్టల్ గదిలో స్పార్కులు తెప్పించే వీడియోలు చూసి టెంప్ట్ కావద్దు. దాని అవుట్‌పుట్ రెండు వేల వోల్టుల దాకా ఉంటుంది, పైగా ప్రాణం తీసేంత కరెంటు ఇవ్వగలదు. ల్యాబ్ సెట్‌కు ఉండే ప్రొటెక్షన్ ఏదీ దానికి ఉండదు.

ఎవరికైనా షాక్ తగిలితే: ముందు సప్లై బంద్. లైన్ హెచ్‌టీ (హై టెన్షన్) అయితే బంద్ అయిందని ఆపరేటర్ చెప్పేదాకా దగ్గరికి పోవద్దు, ఎండు కట్టెతో లాగొచ్చు అన్న మాట ఇక్కడ చెల్లదు. తర్వాత 108కి ఫోన్. ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదు సెంటీమీటర్ల లోతుకు నొక్కుతూ ఉండాలి. తెగిన తీగ కనిపిస్తే కనీసం పది మీటర్ల దూరంలో ఆగి 1912కి చెప్పండి. ఇప్పటికే దగ్గరకొచ్చేశారని తెలిస్తే, రెండు పాదాలూ కలిపి చిన్న చిన్నగా జరుపుకుంటూ వెనక్కి రండి.

పర్మిషన్, సంతకం

డిస్కమ్‌లో (కరెంటు పంపిణీ సంస్థలో) ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) సారును, ఆయన ద్వారా ఏడీఈ (అసిస్టెంట్ డివిజనల్ ఇంజినీర్)ని కలవాలి. కాలేజీ ప్రిన్సిపాల్ లెటర్ లేకుండా పోతే టీ తాగి రావడమే. లెటర్‌లో యార్డ్ పరికరాలను తాకబోమని, డ్యూటీకి అడ్డు రామని స్పష్టంగా రాయించండి.

ఇంకో పర్మిషన్ గురించి చాలామంది ఇంజినీరింగ్ విద్యార్థులకు తెలియదు. మనుషుల ఒంటి నుంచి సమాచారం తీసుకుంటున్నారు కాబట్టి ఇది ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల కిందకు వచ్చే పని. ఎథిక్స్ కమిటీ చూడాలి. మీ కాలేజీలో లేకపోతే నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లోనో, బీబీనగర్ ఎయిమ్స్‌లోనో ఒక డాక్టర్‌ను కో గైడ్‌గా అడగండి. ఫిజియాలజీ, కమ్యూనిటీ మెడిసిన్ వాళ్లకు ఇలాంటి పని ఇష్టంగానే ఉంటుంది. కమిటీ మీటింగ్ ఎప్పుడో ఒకసారి జరుగుతుంది కాబట్టి సెమిస్టర్ మొదట్లోనే అప్లికేషన్ పెట్టేయండి.

ఇప్పుడు ఈ ప్రాజెక్టులో అన్నింటికన్నా ముఖ్యమైన నిర్ణయం. డ్యూటీలో ఉన్నప్పుడు ఆపరేటర్ చేతికి బ్యాండ్ ఉండకూడదు. మొదటి కారణం సేఫ్టీ: స్విచ్‌గేర్ దగ్గర పనిచేసే చేతికి అదనపు వస్తువు, అందులో బ్యాటరీ, వైర్లు ఎందుకు? రెండో కారణం ఇంకా పెద్దది. రాత్రి రెండింటికి అతను కునుకు తీసినట్టు మీ గ్రాఫ్‌లో కనిపిస్తే అది అతని ఉద్యోగానికి ఎసరు. మీరు ఎవరికీ చూపించమని ఎంత చెప్పినా, ఫైల్ ఉందంటే అడిగేవాళ్లు ఉంటారు. లేని ఫైల్‌ను ఎవరూ అడగలేరు. కాబట్టి బ్యాండ్ ఇంట్లో పడుకున్నప్పుడే. కునుకుల లెక్కను డైరీలో "గడిచిన 24 గంటల్లో మొత్తం ఎంతసేపు నిద్రపోయారు" అని మాత్రమే అడగండి, ఎక్కడ అన్నది అడగకండి.

సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, చదివి వినిపించాలి. కోర్టు కాగితం భాషలో రాయకండి. మీరు మాట్లాడే తీరులోనే రాయండి: "అన్నా, ఇది మా చదువు కోసం. మీ పేరు ఎక్కడా రాయం, నంబరు మాత్రమే ఉంటది. మీ నిద్ర లెక్క ఏఈ సారుకు పోదు. ఎప్పుడు వద్దనిపిస్తే అప్పుడు బ్యాండ్ ఇచ్చేయొచ్చు, ఎందుకని అడగం." ఆఖరి వాక్యం రాసినంత మాత్రాన సరిపోదు, నిజంగా అడగకూడదు. ఆర్టిజన్లకు (ఔట్‌సోర్సింగ్ నుంచి సంస్థలోకి తీసుకున్న సిబ్బందికి) తమ ఉద్యోగం గురించి ఉండే టెన్షన్ వేరు. ఏఈ ఎదురుగా సంతకం పెట్టించుకుంటే అది సమ్మతి అనిపించుకోదు. ఆయన లేనప్పుడు అడగండి.

బ్యాండ్ తయారీ

పార్టులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. హైదరాబాద్ పోయే పని ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో చూసి కొనుక్కోవచ్చు. కావలసినవి: కోడ్ నడిపే ఈఎస్‌పీ32 బోర్డు, కదలికను కొలిచే ఎంపీయూ6050 యాక్సిలరోమీటర్, డీఎస్3231 గడియారం చిప్, మైక్రో ఎస్‌డీ కార్డు మాడ్యూల్, 500 ఎంఏహెచ్ లిథియం పాలిమర్ బ్యాటరీ, టీపీ4056 ఛార్జింగ్ మాడ్యూల్. నాడి కూడా కావాలంటే మ్యాక్స్30102.

ఆఖరి దాని గురించి ముందే చెబుతాను. అది ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ కాంతితో పనిచేస్తుంది, వేలి కొన మీద బాగా వస్తుంది, మణికట్టు మీద సిగ్నల్ బలహీనం. కంపెనీ వాచీలు మణికట్టు మీద ఆకుపచ్చ కాంతి వాడేది అందుకే. ఆక్సిజన్ రీడింగ్ జోలికి అసలు పోకండి. అమెరికాలో 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఆస్పత్రి ఆక్సిమీటర్లు కూడా తెల్లవాళ్లతో పోలిస్తే నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ పడిపోవడాన్ని దాదాపు మూడు రెట్లు ఎక్కువసార్లు పట్టుకోలేకపోయాయని తేలింది. ఎండలో పనిచేసి నలుపెక్కిన మణికట్టు మీద మీ రెండు వందల రూపాయల మాడ్యూల్ నిజం చెబుతుందని అనుకోకండి. ఇంకొకటి, చౌక మాడ్యూళ్లలో కొన్నింటికి ఐ2సీ (సెన్సార్, బోర్డు మాట్లాడుకునే లైన్) పుల్ అప్ రెసిస్టర్లు 1.8 వోల్టులకు కలిపి ఉంటాయి. 3.3 వోల్టుల ఈఎస్‌పీ32 వాటిని గుర్తించనే గుర్తించదు. కోడ్ తప్పేమో అని రాత్రంతా కూర్చునే ముందు మల్టీమీటర్‌తో ఆ లైన్ వోల్టేజ్ కొలవండి.

నా సలహా అడిగితే, మొదటి విడతలో యాక్సిలరోమీటర్ ఒక్కటే పెట్టండి. మూడు యాక్సిస్‌లు, ఒక్కోటి రెండు బైట్లు, సెకనుకు 25 సార్లు చొప్పున ఎనిమిది గంటల రాత్రికి 43 లక్షల బైట్లు వస్తాయి. ఎంత చిన్న కార్డు పెట్టినా నెలల తరబడి సరిపోతుంది. 500 ఎంఏహెచ్‌ను ఎనిమిది గంటలకు పంచితే సగటు 62 మిల్లీ ఆంపియర్లు. వైఫై ఆన్‌లో ఉంటే ఈఎస్‌పీ32 అంతకు మించి గుంజేస్తుంది. వైఫై, బ్లూటూత్ ఆపేసి క్లాక్‌ను 80 మెగాహెర్ట్జ్‌కు దించితే చిప్ 20, 30 మిల్లీ ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. బోర్డు మీద ఎర్రగా వెలిగే పవర్ లైటు తీసేయండి. బ్యాటరీ ఆదా సంగతి తర్వాత, చీకటి గదిలో ఆ లైటే నిద్ర చెడగొడుతుంది.

బ్యాటరీ దగ్గర ఆగండి. టీపీ4056 మాడ్యూల్ షాపులో వచ్చినట్టే వాడితే ఒక ఆంపియర్‌తో ఛార్జ్ చేస్తుంది. 500 ఎంఏహెచ్ సెల్‌కు అది రెట్టింపు మోత. సెల్ వేడెక్కి ఉబ్బుతుంది. దాన్ని మనిషి మణికట్టుకు కట్టబోతున్నారు. మాడ్యూల్ మీద కరెంటును నిర్ణయించే చిన్న రెసిస్టర్ 1.2 కిలో ఓమ్‌లు ఉంటుంది. దాన్ని తీసి 5 కిలో ఓమ్‌లది పెడితే ఛార్జింగ్ 250 మిల్లీ ఆంపియర్లకు తగ్గుతుంది. ప్రొటెక్షన్ సర్క్యూట్ ఉన్న సెల్ మాత్రమే కొనండి. మే నెలలో నల్గొండలో 44, 45 డిగ్రీలు కొడుతుంది. బ్యాండ్లను బైక్ డిక్కీలో పెట్టి ఎండలో వదలకండి.

ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు బ్యాండ్ ఎవరూ కట్టుకోకూడదు, మీరు కూడా. చౌక అడాప్టర్ తగిలించిన ఫోన్ లోహపు అంచు మీద వేలు పెడితే జివ్వుమంటుంది కదా, ఆ లీకేజీ కరెంటు ఇక్కడ నేరుగా చెమట పట్టిన చర్మానికి వస్తుంది. వైద్య పరికరాల ప్రమాణం ఐఈసీ 60601 ప్రకారం ఒంటికి తగిలే భాగం నుంచి రోగికి వచ్చే లీకేజీ మామూలు స్థితిలో 100 మైక్రో ఆంపియర్లు, గుండెకు నేరుగా కలిపే వాటికి 10 మైక్రో ఆంపియర్లు దాటకూడదు. మీ అడాప్టర్ డబ్బా మీద ఆ హామీ ఎక్కడా ఉండదు. టెస్టింగ్‌లో బ్యాండ్‌ను చేతికి కట్టి యూఎస్‌బీతో ల్యాప్‌టాప్‌కు కలపాల్సి వస్తే, ముందు ల్యాప్‌టాప్ ఛార్జర్ ప్లగ్ పీకేయండి. ఇదే కారణంతో తలకు ఎలక్ట్రోడ్లు పెట్టి ఈఈజీ (మెదడు సిగ్నళ్ల రికార్డు) తీద్దామన్న ఆలోచన కూడా ఈ ఏడాదికి మానుకోండి. ఈఈజీ సిగ్నల్ 50 మైక్రోవోల్టుల లెక్కలో ఉంటుంది, బయట లైన్ 11,000 వోల్టులు. మధ్య తేడా 22 కోట్ల రెట్లు. ఆ 50 హెర్ట్జ్ హమ్‌ను వడకట్టడమే మీకు ఇంకో ప్రాజెక్టు అవుతుంది.

కదలిక నుంచి నిద్ర

చేయి కదలకపోతే నిద్ర, కదిలితే మెలకువ అన్నదే మూలసూత్రం. దాన్ని లెక్కలోకి తెచ్చిన పాత పద్ధతుల్లో 1992 నాటి కోల్, క్రిప్కీ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. ఒక నిమిషం నిద్రా మెలకువా అని తేల్చడానికి ఆ నిమిషంతో పాటు వెనక నాలుగు, ముందు రెండు నిమిషాల కదలికకు వేర్వేరు బరువులు ఇచ్చి కూడుతుంది. ఆ బరువులు వాళ్ల పరికరానికి తగ్గట్టు తేల్చినవి కాబట్టి అచ్చంగా ఎత్తి రాసుకుంటే మీ డేటాకు సరిపడవు. ముందు ఫిజియోనెట్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే డేటా తీసుకోండి. వాచీ కట్టుకుని, అదే రాత్రి ల్యాబ్‌లో పూర్తి నిద్ర పరీక్ష చేయించుకున్న 31 మంది రికార్డులు 2019లో అక్కడ పెట్టారు. మీ కోడ్ వాటి మీద ఎంత కచ్చితంగా ఉందో తేల్చుకుని, ఆ తర్వాత మీ బ్యాండ్‌కు తెచ్చి సవరించండి.

ఈ పద్ధతికి ఒక బలహీనత ఉంది. కళ్లు తెరిచి కదలకుండా పడుకున్న మనిషిని నిద్రపోతున్నట్టే లెక్కేస్తుంది. పగలు నిద్ర పట్టక పైకప్పు చూస్తూ పడుకునే నైట్ డ్యూటీ వాళ్లలో ఈ తప్పు పెరుగుతుంది. కాబట్టి మీ అంకెలు నిజం కన్నా ఎక్కువ నిద్ర చూపిస్తాయని రిపోర్టులో ముందే రాయండి. "డీప్ స్లీప్", "ఆర్ఈఎమ్" (కలల నిద్ర) అని నిద్ర దశలకు రంగురంగుల పట్టీలు గీయకండి. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఒక్క ప్రశ్న వేస్తే కూలిపోతుంది.

మన ఇళ్ల తీరుకు తగ్గ పరీక్షలు కూడా చేయాలి. నవారు మంచం మీద పక్కన పిల్లవాడు దొర్లితే మంచమంతా ఊగుతుంది. కూలర్ ఆనుకుని ఉంటే సన్నగా వణుకుతుంది. బ్యాండ్‌ను ఎవరూ కట్టుకోకుండా అదే మంచం మీద, కూలర్ ఆన్‌లో పెట్టి, ఒక రాత్రి వదిలేయండి. వచ్చిన గ్రాఫే మీ నాయిస్ ఫ్లోర్, అంటే మనిషి లేకపోయినా కనిపించే కదలిక. కంట్రోల్ రూమ్ బల్ల మీద ఇంకో రాత్రి పెడితే, అక్కడి 50 హెర్ట్జ్ వాతావరణం సెన్సార్‌ను కదిలిస్తోందా లేదా కూడా తేలుతుంది. డైరీలో కీళ్లనొప్పుల ప్రశ్న తప్పకుండా ఉండాలి. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన వయసువాళ్లలో నిద్ర చెడడానికి షిఫ్ట్ కన్నా నొప్పే కారణం కావచ్చు.

స్పందన వేగం కొలిచే పెట్టె

ఈ పరీక్షను పీవీటీ (సైకోమోటార్ విజిలెన్స్ టెస్ట్) అంటారు. డింజెస్, పావెల్ 1985లో పరిచయం చేశారు. లైటు వెలగగానే బటన్ నొక్కాలి, అంతే. అసలు పరీక్ష పది నిమిషాలు, లైట్ల మధ్య వ్యవధి 2 నుంచి 10 సెకన్లు, 500 మిల్లీసెకన్లు దాటితే దాన్ని ల్యాప్స్ (ఏమరుపాటు) అంటారు. తర్వాత మూడు నిమిషాల పొట్టి రూపం వచ్చింది. అందులో వ్యవధి 1 నుంచి 4 సెకన్లు, ల్యాప్స్ గీత 355 మిల్లీసెకన్లు. డ్యూటీలో ఉన్నవాడిని పది నిమిషాలు కూర్చోబెట్టలేం కాబట్టి పొట్టిదే వాడండి.

ఫోన్ యాప్‌లో చేయకండి. టచ్ స్క్రీన్ ఆలస్యం ఒక్కో ఫోన్‌కు ఒక్కోలా ఉంటుంది, మీరు కొలిచేదే మిల్లీసెకన్లు. ప్లాస్టిక్ డబ్బాలో ఒక ఎల్ఈడీ, ఒక గట్టి పుష్ బటన్, ఇంటరప్ట్ మీద నడిచే కోడ్, బ్యాటరీ పెట్టండి. బటన్ బౌన్స్ కాకుండా మొదటి అంచునే లెక్కించండి. మొదటి రెండు రోజుల అంకెలు పక్కన పెట్టేయండి, ఆ రోజుల్లో మనిషి ఆట నేర్చుకుంటూ ఉంటాడు.

పరీక్ష మధ్యలో ఫోన్ మోగినా, అలారం వచ్చినా ఆపరేటర్ డబ్బా వదిలేసి లేవాలి. మధ్యలో ఆగిన పరీక్ష చెల్లదు, మళ్లీ పెట్టకండి కూడా. ఏదైనా ఫీడర్ మీద ఎల్‌సీ నడుస్తుంటే పరీక్ష మొదలే పెట్టొద్దు. ఇది ఏఈ లెటర్‌లోనూ, మీ ప్రోటోకాల్‌లోనూ ఒకే మాటల్లో ఉండాలి.

డేటా, రిపోర్టు

ఒక్కొక్కరికి నైట్ వారం ఒకటి, డే వారం ఒకటి. రోజూ ఫోన్ చేసి "కట్టుకున్నారా అన్నా" అని అడగడానికి ఒకరిని పెట్టుకోండి. లేకపోతే మూడో రోజుకే బ్యాండ్ అల్మారాలో ఉంటుంది. పండుగ, పెళ్లి, నాట్ల పని ఉన్న రోజులు డైరీలో గుర్తు పెట్టించండి. యాసంగి నాట్ల టైంలో డ్యూటీ దిగి పొలానికి పోయే ఆపరేటర్లు చాలామంది ఉంటారు.

చూపించాల్సిన అంకెలు మూడు: మొత్తం నిద్ర, నిద్ర సామర్థ్యం, పీవీటీ ల్యాప్స్. సామర్థ్యం అంటే పక్క మీద ఉన్న సమయంలో నిద్రపోయిన శాతం. 480 నిమిషాలు పడుకుని 400 నిద్రపోతే 83. ఒక్కొక్కరి నైట్, డే అంకెలను గీతతో కలిపి ఒకే గ్రాఫ్‌లో వేయండి. పన్నెండు గీతల్లో ఎన్ని కిందికి పోతున్నాయో కంటికే కనిపిస్తుంది. తర్వాత ఆ తేడా యాదృచ్ఛికమా కాదా అని చూసే విల్కాక్సన్ పరీక్ష చేయండి. తేడా రాకపోతే రాలేదనే రాయండి. కొందరు ఆపరేటర్లు ఏళ్ల తరబడి అలవాటుపడి ఉంటారు, అది కూడా ఒక ఫలితమే.

ఎవరి రికార్డులోనైనా రాత్రంతా ప్రతి కొన్ని నిమిషాలకు ఉలిక్కిపడి లేచినట్టు కనిపిస్తే, ఇంట్లోవాళ్లు గురక గురించి చెబితే, జబ్బు పేరు మీరు చెప్పకండి. ఒకసారి ప్రభుత్వ ఆస్పత్రిలో ఊపిరితిత్తుల డాక్టర్‌ను కలవమని ఆ మనిషికి మాత్రమే, పక్కన ఎవరూ లేనప్పుడు చెప్పండి.

ఏఈ సారుకు ఇచ్చే కాపీలో సబ్‌స్టేషన్ పేరు కూడా ఉండకూడదు. నలుగురు ఆపరేటర్లున్న చోట కోడ్ నంబరు ఎవరిదో కనిపెట్టడం ఎంతసేపు? అన్ని సబ్‌స్టేషన్లనూ కలిపి సగటు మాత్రమే ఇవ్వండి. ప్రతి ఆపరేటర్‌కు అతని సొంత రెండు వారాల గ్రాఫ్ ఒక కాగితం మీద తెలుగులో ప్రింట్ తీసి చేతికివ్వండి. మార్కులు పడ్డాక పేర్లకు, నంబర్లకు లంకె ఉన్న షీట్‌ను చింపేసి, కార్డులు ఫార్మాట్ చేయండి. ఉబ్బిన సెల్స్ ఉంటే చెత్తబుట్టలో వేయకండి. రెండు టెర్మినళ్లకూ విడివిడిగా టేపు చుట్టి ఈ వేస్ట్ తీసుకునే చోట ఇచ్చేయండి.